పాలేరు చేతికి పని అప్పగించునప్పుడు: బోరు కాంట్రాక్టరు బాధ్యతలు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. మెట్టరైతు విషయములో "బోరు వేయించి చూడు" అను మాటను కూడ దీనికి చేర్చవలసియున్నది. అప్పు తెచ్చి, నీటిజాడ చూపించి, బండికి కబురుచేసి, నేలలోనికి వేలకు వేలు ధారపోయుట ఒక ఎత్తు. పని ముగిసిన పిమ్మట దానిని సరిగా చేతికి తీసుకొనుట మరియొక ఎత్తు. మొదటిదానియందు చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను రెండవదానియందు చూపుట లేదు. ఇందువలన రైతు ధనము నష్టపోవుచున్నాడు. అంతకన్న ఘోరమేమనగా, ఒక్కొక్కప్పుడు ప్రాణములే పోవుచున్నవి.

బోరు పని ముగియు సమయమున ఆసామి పొలములో ఉండుట అరుదు. బోరుబండి తన వీలునుబట్టి వచ్చును. అర్ధరాత్రి వచ్చి తెల్లవారుజామున పోవుటయు కలదు. ఆ సమయమున పొలములో ఉండువాడు పాలేరు. తెలంగాణములో జీతగాడు అందురు. మోటారు దించు దినమునను అంతే. ఆసామి పట్నములోనో, మార్కెట్టు యార్డులోనో ఉండును. కాంట్రాక్టరు మనుష్యులు పాలేరుకు తాళపుచెవి ఇచ్చి, కాగితముపై వేలిముద్ర వేయించుకొని వెళ్ళిపోవుదురు. అప్పగింత అయినదని వారి ఉద్దేశము. నిజముగా అయినదా? ఈ వ్యాసములో విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఒక ఉదాహరణము

ఇట్లు జరిగినదనుకొందము. ఒక ఆసామి బోరు వేయించుటకు ఏజెంటుతో మాట్లాడుకొని, భార్యకు జబ్బుగానున్నందున పట్నపు ఆసుపత్రికి పోయెను. ఆ రాత్రియే బండి వచ్చెను. తెల్లవారుసరికి పని ముగిసెను. మేస్త్రీ పాలేరును పిలిచి, "ఏమన్నా, అయ్యగారు ఊళ్ళో లేరు గదా. నువ్వే ఇక్కడ ఓ వేలిముద్ర వేసెయ్యి. బండి ఇంకో ఊరు పోవాలి" అనెను. "నాకు చదువు రాదు బాబూ, అందులో ఏముందో" అని పాలేరు సందేహించెను. "ఏముంది, బోరు వేసినట్టే!" అని మేస్త్రీ నవ్వెను. పాలేరు వేలిముద్ర వేసెను. బోరు నోటిపై ఒక గోనెసంచి కప్పి, దానిపై రాయి పెట్టి బండివారు వెళ్ళిపోయిరి.

మూడవనాడు ఆసామి తిరిగి వచ్చుసరికి బిల్లు సిద్ధముగా నున్నది. 520 అడుగుల తవ్వకము, 60 అడుగుల కేసింగు అని అందులో ఉన్నది. దిగిన రాడ్లు 24 అనియు, కేసింగు పైపులు రెండే అనియు పాలేరుకు జ్ఞాపకము. 20 అడుగుల రాడ్డు 24 సార్లు దిగినచో 480 అడుగులు మాత్రమే. అడుగు 100 రూపాయల చొప్పున లెక్కవేసినను, తేడా 40 అడుగులకు 4,000 రూపాయలు. 20 అడుగుల కేసింగు ధర దీనికి అదనము. ఆసామి కాంట్రాక్టరుకు ఫోను చేయగా, "మీ మనిషే చూచుకొని వేలిముద్ర వేసినాడు గదండీ" అని సమాధానము వచ్చెను. ఆసామికి కోపము వచ్చెను. కాని ఆ కోపము కాంట్రాక్టరుపైకి పోలేదు. "నువ్వే గదోయ్ వేలిముద్ర వేసింది! ఆ డబ్బు నీ జీతంలో పట్టుకుంటాను" అని పాలేరునే గద్దించెను. "అయ్యగారూ, నన్నేం చూడమని చెప్పి పోయినారు? కొలవడానికి టేపు ఇచ్చినారా?" అని పాలేరు అడిగెను.

పాలేరు అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఇందు ముగ్గురున్నారు. చదువు, అధికారము, సాధనము ఏవియు లేనివాడు పాలేరు ఒక్కడే. నష్టము మాత్రము అతని మెడకే చుట్టుకొన్నది.

వేలిముద్ర విలువ ఎంత?

పనివాని సంతకమునకు చట్టములో ఎంత విలువ కలదో రైతులును, గ్రామాధికారులును తెలిసికొనవలెను. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒకని తరఫున మరియొకడు చేసిన పని యజమానిని బంధింపవలెనన్నచో అతనికి ఆ అధికారము ఉండవలెను. ఆ అధికారము మాటచేతగాని, వ్రాతచేతగాని, సందర్భమునుబట్టిగాని కలుగవచ్చును. యజమాని తన మాటలచేతనో, నడతచేతనో "ఇతనికి అధికారమున్నది" అని ఎదుటివారు నమ్మునట్లు చేసినచో, తరువాత కాదనుటకు వీలులేదు. "అన్నీ మా పాలేరు చూచుకొనును" అని ఆసామి ఏజెంటుతో ఊరకే అనిన మాట ఇందువలననే అతనికి చిక్కు తెచ్చిపెట్టును.

మోటారు, పైపులు, కేబులు వంటి సామానుల విషయములో 1930వ సంవత్సరపు వస్తు విక్రయ చట్టము వర్తించును. కొనువాని తరఫున పుచ్చుకొనుటకు అధికారము గలవానికి సరకు అందజేయవచ్చునని అందు కలదు. కాని సరకు అందుట వేరు, దానిని అంగీకరించుట వేరు. ముందుగా చూడని సరకును పరీక్షించుటకు కొనువానికి తగినంత అవకాశము ఇచ్చినగాని అతడు అంగీకరించినట్లు కాదు. కావున పాలేరు వేలిముద్రకు సామాన్యముగా "సామాను చేరినది" అనియే అర్థము చెప్పుకొనవలెను. "సామాను మంచిది, కొలత సరియైనది, పని తృప్తికరము" అను అర్థము దానికి రావలెనన్నచో ఆసామి ఆ అధికారమును అతనికి ఇచ్చియుండవలెను. ఈ భేదమును కాంట్రాక్టరు ఎరిగి నడచుకొనవలెను. చదువురాని వానిచేత, చదివి వినిపింపని కాగితముపై వేలిముద్ర వేయించుకొనుట బాధ్యతనుండి తప్పించుకొను ఎత్తేగాని అప్పగింత కానేరదు.

పెండ్లిలో అప్పగింతలు మనకందరకు తెలిసినవే. పిల్లను అత్తవారి చేతిలో పెట్టునప్పుడు తల్లిదండ్రులు పిల్ల స్వభావమును చెప్పుదురు, మంచిచెడ్డలు చూచుకొనుడని కోరుదురు. కాంట్రాక్టరు చేయు అప్పగింతకును అట్టి లక్షణమే ఉండవలెను. పుచ్చుకొనువాడు యజమాని కాక పనివాడైనప్పుడు కాంట్రాక్టరు బాధ్యత తగ్గదు, పెరుగును. యజమానికి లెక్క చెప్పవలెను, పనివానికి పని నేర్పవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను అప్పగింత అసంపూర్ణమే.

మొదటి బాధ్యత: కొలత చూపుట

తవ్వకము ఆరంభింపక ముందే ఒక రాడ్డును, ఒక కేసింగు పైపును పాలేరు ఎదుట టేపుతో కొలిచి చూపవలెను. రాడ్లు అన్ని బండ్లలోను ఒకే పొడవు ఉండవు. దిగిన ఒక్కొక్క రాడ్డుకు పాలేరుచేత గోడమీదనో, చెక్కమీదనో ఒక గీత గీయించవలెను. చదువు రానివాడైనను గీతలు గీయగలడు. పని ముగిసిన పిమ్మట సన్నని గట్టి తాడుకు బరువు కట్టి బోరులోనికి దించి లోతు సరిచూపవలెను. లోపల మన్ను కూలియున్నచో కొలత కొంత తగ్గవచ్చును. తగ్గినచో ఆ సంగతిని అప్పుడే చెప్పవలెనుగాని దాచరాదు.

ఎన్ని అడుగులకు బండ తగిలినది, ఎన్ని అడుగుల వద్ద నీరు పడినది, కేసింగు ఎంతవరకు దించబడినది అను వివరములను కాగితముపై వ్రాసి, ఒక ప్రతిని పాలేరు చేతికిచ్చి, మరియొక ప్రతిని నేరుగా ఆసామికి పంపవలెను. నేడు ఫోనులో ఛాయాచిత్రము తీసి పంపుట నిమిషము పని. ఈ వివరములు లేనిచో రేపు మోటారు ఎంత లోతున దించవలెనో ఎవరును చెప్పలేరు.

మోటారు దించిన పిమ్మట నీటి ధారను "రెండించులు, మూడించులు" అని కంటితో చూచి చెప్పుట చాలదు. 200 లీటర్ల డ్రమ్మును పైపు క్రింద పెట్టి, ఎన్ని సెకండ్లలో నిండునో పాలేరు ఎదుట చూడవలెను. 80 సెకండ్లలో నిండినచో సెకండుకు రెండున్నర లీటర్లు, అనగా గంటకు 9,000 లీటర్లు. మోటారు ఆడించిన వెంటనే ఒకసారియు, కొన్ని గంటలు ఆడిన పిమ్మట మరియొకసారియు ఈ విధముగా చూచినచో బోరు నిలకడ తెలియును. దానినిబట్టి ఎంత పైరు పెట్టవచ్చునో రైతు నిర్ణయించుకొనగలడు.

రెండవ బాధ్యత: బోరు నోరు మూయుట

ఇది ప్రాణములతో కూడిన విషయము. 2006 జూలైలో హర్యానా రాష్ట్రము కురుక్షేత్రం జిల్లాలోని హల్దాహేరి గ్రామములో అయిదేండ్ల బాలుడు సుమారు 60 అడుగుల లోతున బోరు గుంతలో పడి, రెండు దినముల పిమ్మట సైన్యము సాయముతో ప్రాణములతో బయటపడెను. అందరు పిల్లలకు అట్టి అదృష్టము కలుగలేదు. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలములోని ఇక్కారెడ్డిగూడలో ఒక పసిపిల్ల బోరుగుంతలో పడి మరణించెను. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలము పొడ్చన్‌పల్లిలో మూడేండ్ల బాలుడు అట్లే మరణించెను. అది పాతబడి ఎవరును పట్టించుకొనక విడిచిన గుంత కాదు. అప్పుడే తవ్వించి, నీరు పడలేదని విడిచిన బోరు. బండి వెళ్ళిపోవుటకును, గుంత పూడ్చుటకును నడుమనున్న కొద్ది సమయమే ఆ కుటుంబమునకు తీరని దుఃఖము తెచ్చిపెట్టెను.

ఈ విషయములో సుప్రీంకోర్టు 2010లో దేశమంతటికి వర్తించు ఉత్తరువు లిచ్చెను. వానిలో ముఖ్యమైనవి ఇవి:

1. బోరు వేయించు భూమి యజమాని కనీసము 15 దినములు ముందుగా కలెక్టరు, గ్రామ సర్పంచి మొదలగు అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

2. తవ్వు సంస్థ రిజిస్టరు చేయించుకొన్నదై యుండవలెను.

3. పని జరుగుచోట తవ్వు సంస్థ చిరునామా, యజమాని చిరునామా తెలుపు బోర్డు పెట్టవలెను. చుట్టును ముళ్ళతీగ కంచెగాని, తగిన అడ్డుగాని ఉండవలెను.

4. కేసింగు చుట్టును అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు గల సిమెంటు దిమ్మె కట్టవలెను. అది నేలకు పైన 30 సెంటీమీటర్లు, నేలలోపల 30 సెంటీమీటర్లు ఉండవలెను.

5. బోరు నోటిని ఇనుపరేకుతో వెల్డింగు చేసిగాని, గట్టి మూతను బోల్టులతో బిగించిగాని మూయవలెను. మోటారు రిపేరు సమయమునను బోరును తెరచి ఉంచరాదు.

6. పని ముగిసిన పిమ్మట బురదగుంటలను, కాలువలను పూడ్చవలెను.

7. పనికిరాని బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, గులకరాళ్ళు, తవ్వగా వచ్చిన పొడి మొదలగు వానితో పూడ్చవలెను. పూడ్చినట్లు ధ్రువపత్రము తీసికొనవలెను.

గోనెసంచియు, రాయియు మూత కానేరవు. గొఱ్ఱెలు తొక్కినను, గాలివాన వచ్చినను అవి జరిగిపోవును. కావున బండి పొలము గట్టు దాటకముందే మూత బిగించి, పాలేరుచేత దానిని కదిలించి చూడుమని చెప్పి, అది కదలలేదని అతడు అనిన పిమ్మటనే కాంట్రాక్టరు మనుష్యులు బయలుదేరవలెను. నీరు పడనప్పుడు రైతు మనస్సు క్రుంగియుండును, బండివారికి తొందర హెచ్చుగా నుండును. ప్రమాదము పొంచియుండు సమయమిదే. "రేపు పూడ్చుకొనండి" అని పాలేరుకు చెప్పిపోవుట తగదు. తవ్విన పొడి ప్రక్కనే కుప్పగా నున్నది. నలుగురు పారలు పట్టినచో పని అప్పుడే ముగియును.

మూడవ బాధ్యత: కరెంటు భద్రత

స్టార్టరును ప్రతిదినము ముట్టుకొనువాడు ఆసామి కాదు, పాలేరు. బురదకాళ్ళతో, తడిచేతులతో, ఒక్కొక్కప్పుడు చీకటిలో అతడు మీట నొక్కవలసియుండును. కావున ఎర్తింగు లేని స్టార్టరును అతనికి అప్పగించుట కన్న పెద్ద తప్పు లేదు.

స్టార్టరు పెట్టెకు రెండు వేరువేరు ఎర్తు తీగలుండవలెను. ఎర్తు పైపు నేలలో రెండున్నర మీటర్లకు తక్కువ కాకుండ దిగవలెను. వేసవిలో ఎర్తు గుంటలో నీళ్ళు పోయుచుండవలెనని పాలేరుకు చెప్పి, ఆ గుంట ఎక్కడనున్నదో చూపవలెను. గుంట ఎక్కడనున్నదో తెలియనివాడు నీళ్ళెక్కడ పోయును? కేబులు అతుకులు నీరు చొరకుండ చుట్టియుండవలెను. పెట్టెకు తలుపు, వానకు తడవకుండ పైకప్పు ఉండవలెను. వైరింగు పనిని లైసెన్సు గలవానిచేతనే చేయించవలెను.

మోటారు మొదటిసారి ఆడినప్పుడు మూడు ఫేజులలోను కరెంటు ఎంతెంత ఉన్నదో చూచి, ఆ అంకెలను పెట్టె తలుపు లోపలివైపున చెరగని సిరాతో వ్రాయవలెను. పాలేరుకు చదువు రానిచో, మీటరు ముల్లు దాటకూడని చోట ఎఱ్ఱని గీత పెట్టవలెను. నీరు తక్కువగా వచ్చుచు మోటారు మాత్రము ఆడుచున్నచో అది తలక్రిందుగా తిరుగుచుండవచ్చును. ఫేజు తీగలలో రెండింటిని మార్చినచో సరిపడును. ఇది కాంట్రాక్టరు అప్పగింతకు ముందే సరిచూచుకొనవలసిన పని.

నాలుగవ బాధ్యత: నేర్పుట

"ఇదిగో పచ్చమీట, ఇదిగో ఎఱ్ఱమీట, తెలిసిందా?" అని అడుగుటయు, "తెలిసిందండీ" అని పాలేరు తల ఊపుటయు నేర్పుట కాదు. పెద్దవారి ఎదుట తెలియలేదనుటకు అతడు జంకును. కావున కాంట్రాక్టరు మనిషి ఒకసారి తాను చేసి చూపి, తరువాత ప్రక్కకు నిలిచి, పాలేరుచేత మూడుసార్లు ఆడించి ఆపించవలెను. ఈ క్రింది సంగతులు అతని నోటితో చెప్పించుకొనవలెను:

1. మూడు ఫేజులు వచ్చినవో లేవో చూచిన పిమ్మటనే మోటారు వేయవలెను.

2. రిలే కొట్టివేసి మోటారు ఆగినచో మాటిమాటికి నొక్కరాదు. ఒకటి రెండుసార్లకు మించి ఆగినచో కబురుచేయవలెను.

3. నీరు ఆగిపోయి, గాలి మాత్రమే వచ్చుచున్నచో వెంటనే ఆపివేయవలెను. సబ్‌మర్సిబుల్ మోటారు నీరు లేక ఆడినచో కాలిపోవును.

4. పెట్టె ముట్టుకొన్నప్పుడు చేయి జిల్లుమన్నచో ఆ క్షణమే విడిచి దూరముగా పోవలెను. రిపేరు అగువరకు మరెవ్వరిని ముట్టుకొననీయరాదు.

5. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయుట తన పని కాదు. లైన్‌మనుకు ఫోను చేయవలెను.

6. బోరు మూతను ఎవరు తీసినను తిరిగి బిగించువరకు ప్రక్కనే ఉండవలెను.

భాష విషయము కూడ గమనింపదగినది. తమిళనాడులోని నామక్కల్ జిల్లా తిరుచెంగోడు బోరుబండ్లకు దేశమంతట పేరుపొందిన ఊరు. బండిమీద పనిచేయువారు మన ఊళ్ళలో చాలచోట్ల పరభాషీయులే. వారికి తెలుగు రాదు, మన పాలేరుకు వారి భాష రాదు. ఇట్టిచోట సైగలతో అప్పగింత జరుగరాదు. పని కుదిర్చి కమిషను తీసికొను ఏజెంటే స్వయముగా వచ్చి తెలుగులో విశదపరచవలెను. ఇంగ్లీషులో అచ్చువేసిన చిన్న పుస్తకమును చేతిలో పెట్టినంత మాత్రమున పాలేరుకు పని నేర్పినట్లు కాదు.

అయిదవ బాధ్యత: మిగిలిన పని చెప్పుట

సంపూర్ణముగా ముగియకున్నను ముగిసినదని చెప్పి వెళ్ళుట కొందరి అలవాటు. దిమ్మె ఆరలేదు, కెపాసిటరు రాలేదు, తాత్కాలికముగా అతికిన తీగ మార్చవలసియున్నది. ఇట్టివి ఏదో ఒకటి ఉండుట సహజము. ఉండుట తప్పు కాదు, చెప్పకపోవుట తప్పు. మిగిలిన పనుల జాబితాను, అవి ఎప్పుడు పూర్తియగునో ఆ తేదీని ఆసామికి తెలుపవలెను. ప్రమాదకరమైన లోపమున్నచో, అది సరియగువరకు మోటారు వేయవద్దని పాలేరుకు స్పష్టముగా చెప్పి, స్టార్టరుకు తాళము వేసి పోవలెను.

మోటారు గ్యారంటీ కార్డు, బిల్లు, పంపు నంబరు వ్రాసిన కాగితము పాలేరు జేబులో పెట్టదగినవి కావు. చెమటకు, వానకు అవి నాశనమగును. పాలేరుకు ఇచ్చినను ఛాయాచిత్రము ఆసామికి పంపవలెను. రిపేరుకు పిలువవలసిన ఫోను నంబరును స్టార్టరు పెట్టెమీద పెద్ద అంకెలతో రంగుతో వ్రాయవలెను.

ఆసామి చేయవలసినది

బాధ్యత అంతయు కాంట్రాక్టరుదే అనుట న్యాయము కాదు. బేరము కుదిరిననాడే "మా పాలేరు సామాను పుచ్చుకొనును, కొలత చూచును. బిల్లు ఒప్పుకొనుట, పని తృప్తికరమనుట నా వ్రాతతోనే జరుగవలెను" అని ఆసామి ఒక చీటి వ్రాసి ఇవ్వవలెను. ఫోనులో సందేశముగా పంపినను మంచిదే. పాలేరుకు టేపు ఇవ్వవలెను. ఏమి చూడవలెనో ముందురోజే చెప్పవలెను. పైకములో కొంత భాగమును తాను స్వయముగా చూచువరకు నిలిపి ఉంచుటకు బేరములోనే ఒప్పుదల చేసికొనవలెను. బేరము ఏజెంటుతో చేసినను, బండి ఎవరిది, రిజిస్ట్రేషను ఉన్నదా, 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా చట్టము ప్రకారము అనుమతి వచ్చినదా అనునవి విచారించుకొనవలెను.

పాలేరు తప్పు లేనిచోట నష్టమును అతని జీతములో పట్టుకొనుట పాపము. అట్లు చేసినచో మరుసటిసారి లోపము కనబడినను అతడు చెప్పడు. చెప్పినవానిని మెచ్చుకొన్న ఆసామికే పొలములోని సంగతులన్నియు సకాలమున తెలియును.

పాలేరు సోదరులు కూడ ఒక మాట నేర్చుకొనవలెను: "అయ్యగారికి చదివి వినిపించండి, తరువాత వేస్తాను." ఫోనులో ఆసామిని పిలిచి, కాగితములోని అంకెలను మేస్త్రీచేత బిగ్గరగా చదివింపవచ్చును. ఆసామి దొరకనిచో "సామాను చేరినది, కొలత చూడలేదు" అని వ్రాయించిన పిమ్మటనే వేలిముద్ర వేయవలెను.

అప్పగింత చీటి

రైతుల సౌకర్యము కొరకు చీటి నమూనా ఈ క్రింద ఇవ్వబడినది. రెండు ప్రతులు వ్రాయించుకొనవలెను.

"తేదీ, సమయము. పొలము సర్వే నంబరు. కాంట్రాక్టరు పేరు, బండి నంబరు, ఫోను. పుచ్చుకొన్నవాని పేరు, అతడు ఆసామికి ఏమగును. దిగిన రాడ్లు ఎన్ని, ఒక్కొక్క దాని పొడవు, మొత్తము లోతు. కేసింగు పైపులు ఎన్ని, పొడవు. నీరు పడిన లోతు. మోటారు నంబరు, హార్సుపవరు, దించిన లోతు. డ్రమ్ము నిండిన సెకండ్లు. మూత బిగించబడినది: అవును, కాదు. దిమ్మె కట్టబడినది: అవును, కాదు. ఎర్తింగు రెండు: అవును, కాదు. పుచ్చుకొన్నవాడు మూడుసార్లు ఆడించి చూపెను: అవును, కాదు. మిగిలిన పనులు, పూర్తియగు తేదీ. ఇది చదివి వినిపించబడినది. ఇది సామాను చేరినందుకు మాత్రమే రసీదు. పని అంగీకారము ఆసామి చేవ్రాలుతో జరుగును."

గ్రామాధికారులకు మనవి

ఈ సంగతులు రైతు పొలమునకే పరిమితము కావు. పంచాయతీ కట్టించు మంచినీళ్ళ ట్యాంకు, పంపుగది, వీధిదీపముల పనులు ముగిసినప్పుడు కూడ కాంట్రాక్టరు తాళపుచెవిని సామాన్యముగా పంపు ఆపరేటరు చేతికే ఇచ్చి పోవును. ఆపరేటరు పంచాయతీ పనివాడు. ఏ వాల్వు ఏ వీధికి పోవునో, ట్యాంకు ఎన్ని గంటలలో నిండునో, క్లోరిను ఎట్లు కలుపవలెనో అతనికి నేర్పకుండ ఇచ్చిన తాళపుచెవి వలన ఊరికి మేలు కలుగదు. సర్పంచి, కార్యదర్శి ఎదుట ఆపరేటరుచేతనే పంపు వేయించి చూచి, పైపుల పటము పుచ్చుకొని, చీటి వ్రాయించుకొన్న పిమ్మటనే తుది బిల్లుకు సిఫారసు చేయవలెను.

విడిచిన బోరుల విషయములో గ్రామాధికారుల బాధ్యత మరింత ముఖ్యము. గ్రామములలో వీని పర్యవేక్షణ సర్పంచియు, వ్యవసాయశాఖ ఉద్యోగియు చేయవలెనని సుప్రీంకోర్టు ఉత్తరువులోనే కలదు. ఊరిలో బోరుబండి శబ్దము వినబడిన మరునాడు ఒకసారి ఆ పొలమునకు పోయి మూత బిగించినారా, గుంటలు పూడ్చినారా అని చూచుటకు గంటకన్న ఎక్కువ పట్టదు.

కాంట్రాక్టరు బాధ్యత నెరవేర్పనిచో రైతుకు దారి లేకపోలేదు. తన జీవనోపాధికై సేద్యము చేయు రైతు వినియోగదారుడే. విత్తనముల వివాదములో సుప్రీంకోర్టు 2012లో రైతులకు వినియోగదారుల చట్టము వర్తించునని తీర్పు చెప్పెను. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము సరకులోని లోపమునకును, సేవలోని లోపమునకును జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. వివాదము పుట్టిన రెండేండ్లలోపల చేయవలెను. అప్పుడు ఆధారముగా నిలుచునది అప్పగింత చీటియే.

కాని కమిషనుకు పోవు అవసరము రాకుండ చూచుకొనుటయే మేలు. మంచి కాంట్రాక్టరుకు కూడ ఈ పద్ధతి లాభకరమే. కొలత ఎదుట చూపినవానితో బిల్లు దగ్గర తగవు రాదు. పని నేర్పి పోయినవానికి నడిరాత్రి ఫోను రాదు. బోరు మూత బిగించి పోయినవాడు నిశ్చింతగా నిద్రపోవును.

ఈ ఏడు బోరు వేయించు ప్రతి రైతును బండి వచ్చుటకు ముందు రెండు వస్తువులు సిద్ధము చేసికొనవలెను: టేపు ఒకటి, అప్పగింత చీటి రెండు ప్రతులు. వానిని పాలేరు చేతిలో పెట్టి, ఎట్లు వాడవలెనో అతనికి తెలియజెప్పవలెను. పొలములో రాత్రియంతయు మేలుకొని ఉండువాడు అతడే.